యంత్రాల ఉత్తర ప్రత్యుత్తరాలు – జవాబు రాని వేళ

మా కాలనీలో పొరుగింటి సోదరి ఒకరు ఇటీవల ఒక సాయంత్రం చేతిలో సెల్‌ఫోనుతో ఆందోళనగా మా ఇంటికి వచ్చారు. ఫోను ద్వారా ఏదో బిల్లు చెల్లించబోగా తెరమీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయిందట. "అన్నయ్యగారూ! డబ్బు వెళ్ళిందో లేదో తెలియడం లేదు. రశీదు రాలేదు. మళ్ళీ నొక్కమంటారా?" అని ఆమె ప్రశ్న.

మూడు దశాబ్దాలుగా కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తున్న మాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్లు అనుక్షణం తమలో తాము వేసుకొనే ప్రశ్న కూడా ఇదే. అడిగినదానికి జవాబు రాలేదు; పని జరిగినట్లా, జరగనట్లా? మళ్ళీ అడగవచ్చునా, కూడదా? ఈ చిన్న ప్రశ్న వెనుక ఉన్న సాంకేతిక విషయాలను మన గృహపత్రిక పాఠకులకు, ముఖ్యంగా ఇంటిల్లిపాదికీ అర్థమయ్యే రీతిలో పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అప్లికేషను సర్వరు అనగానేమి?

మన కార్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుందాము. దరఖాస్తు తెచ్చినవారు ముందుగా కౌంటరు దగ్గరకు వస్తారు. కౌంటరులోని గుమాస్తా ఆ కాగితాన్ని సంబంధిత సెక్షనుకు పంపుతాడు. సెక్షనులో నిబంధనలు చూసి నిర్ణయం చేస్తారు. అవసరమైన పాత దస్త్రాలను రికార్డు గది నుండి తెప్పించుకుంటారు. కంప్యూటరు వ్యవస్థలోనూ ఈ మూడు అంచెలే ఉన్నాయి. మన చేతిలోని ఫోను లేదా బల్లమీది కంప్యూటరు కౌంటరు వంటిది. సమాచారాన్ని భద్రపరచే డేటాబేసు రికార్డు గది వంటిది. ఈ రెంటికీ నడుమ కూర్చుని నిబంధనల ప్రకారం పని నడిపించేదే అప్లికేషను సర్వరు.

ఒక పెద్ద సంస్థలో జీతాల ప్రోగ్రాము వేరు, స్టోర్సు ప్రోగ్రాము వేరు, ఆసుపత్రి ప్రోగ్రాము వేరు. అయినా వీటన్నింటికీ కొన్ని అవసరాలు ఉమ్మడిగా ఉంటాయి. వచ్చినవారు ఎవరో గుర్తించడం భద్రతా సేవ. ఏ పని చేసే ప్రోగ్రాము ఎక్కడ ఉన్నదో చెప్పడం నామ సేవ. సందేశాన్ని పోకుండా చేరవేయడం సందేశ సేవ. ఒక పనిలోని అన్ని భాగాలూ జరిగేటట్లో, లేదా ఒక్కటీ జరగకుండా ఉండేటట్లో చూడడం లావాదేవీ సేవ. ప్రతి ప్రోగ్రాములోనూ వీటిని వేరువేరుగా రాసుకొనే బదులు, అప్లికేషను సర్వరే వీటిని అందరికీ సమకూరుస్తుంది. ఇటువంటి సేవలకు ఉమ్మడి ప్రమాణాలను ఏర్పరుస్తూ సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999 డిసెంబరులో జె2ఈఈ అనే వేదికను విడుదల చేసింది. ఆ ప్రమాణాల బాధ్యత 2017లో ఎక్లిప్స్ ఫౌండేషనుకు అప్పగించబడింది. 2018 నుండి అవి జకార్తా ఈఈ అనే పేరుతో కొనసాగుతున్నాయి.

మాటకు మర్యాద – ప్రోటోకాలు

ప్రోటోకాలు అనే మాటను మనం ముందుగా విన్నది మంత్రులు, రాయబారులు విచ్చేసినప్పుడు. ఎవరు ముందు నడవాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు మొదట మాట్లాడాలి అన్న కట్టుబాట్లే ప్రోటోకాలు. కంప్యూటర్ల మధ్య కూడా అంతే. టెలిఫోనులో 'హలో' అనగానే అవతలివారు 'హలో' అంటేనే సంభాషణ మొదలవుతుంది. 'ఉంటాను' అంటే ముగుస్తుంది. యంత్రాలకు ఇటువంటి మర్యాదలను అక్షరం పొల్లుపోకుండా ముందే రాసిపెట్టాలి.

ఈ మర్యాదలు అంతస్తులుగా ఉంటాయి. క్రింది అంతస్తులో టీసీపీ/ఐపీ ఉన్నది. దీనికి మూలమైన పరిశోధనా పత్రాన్ని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రచురించారు. సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపడం, దారిలో పోయిన పొట్లాన్ని మళ్ళీ పంపడం, అవతల వాటిని సరైన వరుసలో పేర్చడం దీని పని. దానిపై అంతస్తులో అప్లికేషన్లు మాట్లాడుకొనే భాషలు ఉన్నాయి. 1989–91 మధ్య యూరోపులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌తో పాటు రూపొందించిన హెచ్‌టీటీపీ వీటిలో అందరికీ తెలిసినది. సంస్థల లోపల వాడుకకు కోర్బా, జావా ఆర్‌ఎంఐ, సోప్ మొదలైనవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2015లో గూగుల్ సంస్థ విడుదల చేసిన జీఆర్‌పీసీ కూడా ఈ కోవలోనిదే. కవరు మారింది, లోపలి లిపి మారింది; కాని 'అడుగు – జవాబు చెప్పు' అనే మూలసూత్రం మారలేదు.

మౌనం అర్ధాంగీకారమా?

మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. మనుషుల మధ్య అది చెల్లవచ్చును గాని యంత్రాల మధ్య చెల్లదు. ఒక కంప్యూటరు మరొక కంప్యూటరును ఒక పని అడిగింది. నిర్ణీత వ్యవధిలో జవాబు రాలేదు. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. అడిగిన మాట దారిలోనే పోయి ఉండవచ్చు. అప్పుడు పని అసలు మొదలుకాలేదు. అవతలి సర్వరు పని మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు; అప్పుడు పని సగంలో ఉన్నది. లేక, పని సక్రమంగా పూర్తయి, జవాబు మాత్రమే తిరుగుదారిలో పోయి ఉండవచ్చు. చిక్కు ఏమిటంటే, అడిగిన వైపు నుండి చూస్తే ఈ మూడూ ఒక్కలాగే కనబడతాయి. మొదటి సందర్భంలో మళ్ళీ అడగకపోతే పని జరగదు. మూడవ సందర్భంలో మళ్ళీ అడిగితే పని రెండుసార్లు జరుగుతుంది.

పోయిన పొట్లాలను టీసీపీ మళ్ళీ పంపుతుంది కదా, ఇక భయమేమిటి అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. టీసీపీ హామీ ఇచ్చేది ఉత్తరం అవతలి గుమ్మం చేరడానికి మాత్రమే; ఇంట్లోవారు దానిని చదివి పని చేశారో లేదో దానికి తెలియదు. పూర్తి హామీ కావాలంటే చివర ఉన్న అప్లికేషన్లే దాని బాధ్యత వహించాలని సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన పత్రంలో వివరించారు. కంప్యూటరు ఇంజనీర్లకు అది నేటికీ పాఠ్యాంశమే.

ఒక అనుభవం

ఈ పాఠాన్ని మేము పుస్తకంలో చదివినదానికంటే బాగా నేర్చుకున్నది ఒక ఫిట్టరుగారి వల్ల. చాలా ఏళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక కార్యాలయంలో, జీతాల కంప్యూటరుకు ప్రతి నెలా అప్పుల వాయిదాల జాబితా మరొక కంప్యూటరు నుండి వచ్చేది. ఒక నెల జాబితా పంపిన తరువాత జవాబు రాలేదు. ఆపరేటరు కొంతసేపు వేచి చూసి జాబితాను మళ్ళీ పంపాడు. నిజానికి మొదటి జాబితా చేరింది. జవాబు మాత్రమే రాలేదు. ఆ నెల కొందరి జీతాలలో వాయిదా రెండుసార్లు కోతపడింది.

పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ఫిట్టరు జీతం చీటీ పట్టుకుని మా గదికి వచ్చారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఆయన కేకలు వేయలేదు. చీటీ మా బల్లమీద పెట్టి, "ఒక్క బాకీకి రెండుసార్లు కోసేసినారేటి బాబూ? పిల్లకి కాలేజీ ఫీజు కట్టాలి, సోమవారం ఆఖరు" అన్నారు. తప్పును సరిదిద్దడానికి మరుసటి నెల జీతం వరకు ఆగాలని నిబంధనలు చెబుతున్నాయి. సోమవారం మాత్రం ఆగదు. చివరకు సెక్షనులోని వారమంతా తలా కొంత వేసుకుని ఆ ఫీజు కట్టించాము. ఆయన మరుసటి నెల పైసాతో సహా తిరిగి ఇచ్చారు.

ఆపరేటరును తప్పుపట్టినవారు ఉన్నారు. కాని తప్పు అతనిది కాదు. ఒకే జాబితా రెండుసార్లు వస్తే గుర్తించే ఏర్పాటు ప్రోగ్రాములో లేదు. ఆ ప్రోగ్రాము రాసినవారిలో మేమూ ఉన్నాము.

మూడు కట్టుబాట్లు

అటువంటి తప్పులు జరగకుండా అప్లికేషను సర్వర్లు ముఖ్యంగా మూడు కట్టుబాట్లను పాటిస్తాయి.

మొదటిది, ప్రతి అభ్యర్థనకు ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వడం. అవతలి సర్వరు తాను పూర్తిచేసిన పనుల సంఖ్యలను గుర్తుంచుకుంటుంది. అదే సంఖ్య మళ్ళీ వస్తే పనిని మళ్ళీ చేయక, 'ఇది ఇదివరకే అయినది, ఇదిగో దాని జవాబు' అని చెబుతుంది. అప్పుడు ఎన్నిసార్లు అడిగినా నష్టం లేదు. మన ఇన్‌వార్డు రిజిస్టరులోని వరుస సంఖ్య వంటిదే ఇది. హెచ్‌టీటీపీలో కూడా ఈ విచక్షణ ఉన్నది. పేజీని చూపమని అడిగే అభ్యర్థనను ఎన్నిసార్లయినా పంపవచ్చు; ఫారమును సమర్పించే అభ్యర్థన అలా కాదు. అందువల్లనే, సమర్పించిన పేజీని మళ్ళీ తెరవబోతే బ్రౌజరు 'మళ్ళీ పంపమంటారా' అని మన అనుమతి అడుగుతుంది.

రెండవది, రెండు దశల ఒప్పందం. దీనిని జిమ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు 1978లో తన రచనలో విపులంగా వివరించారు; లావాదేవీల విషయంలో చేసిన కృషికి ఆయనకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. పేరయ్య ముందు వధువు ఇంటికి వెళ్ళి 'మీరు సిద్ధమేనా' అని అడుగుతాడు. తరువాత వరుని ఇంటికి వెళ్ళి అదే అడుగుతాడు. ఇద్దరూ సరేనంటేనే 'లగ్నం ఖాయం' అని ఇద్దరికీ కబురు చేస్తాడు. ఒకరు కాదన్నా సంబంధం రద్దు. ఖాతాలో డబ్బు తీయడం, టికెట్టు ఇవ్వడం అనే రెండు పనులు రెండు యంత్రాలలో జరగవలసినప్పుడు ఈ పద్ధతి ఉపకరిస్తుంది. అయితే ఇందులో ఒక లోపమున్నది. ఇరువైపుల వారూ సరేనన్న తరువాత పేరయ్య కనబడకుండా పోతే, ఆ రెండు కుటుంబాలూ వేరే సంబంధం చూడలేక, ఈ పెళ్ళీ చేయలేక కూర్చోవలసి వస్తుంది. యంత్రాల విషయంలోనూ అదే జరుగుతుంది. అందుకే పేరయ్య తన నిర్ణయాన్ని ముందుగా చెరగని పుస్తకంలో రాసుకోవాలని నియమం. మళ్ళీ తేరుకోగానే ఆ పుస్తకం చూసి కబురు పూర్తిచేస్తాడు.

మూడవది, సందేశాల వరుస. అవతలివారు ఇంట్లో లేకపోయినా ఉత్తరం పోకుండా, పోస్టాఫీసు దానిని తనవద్ద ఉంచి, వారు వచ్చినప్పుడు అందజేసి సంతకం తీసుకుంటుంది. 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైన రిజిస్టర్డు పోస్టును, దానితో వెనక్కి వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంటు కార్డును మన తరం వారు ఎరుగుదురు. అప్లికేషను సర్వరులోని సందేశ సేవ చేసే పని అదే. వెంటనే జవాబు అవసరం లేని పనులకు ఇది ఎంతో అనువైనది.

ఒకే బెర్తు, ఇద్దరు ప్రయాణికులు

ఈ కట్టుబాట్లు మన దైనందిన జీవితంలో ఎక్కడ కనబడతాయి? విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువులకూ, 1959లో ఉత్పత్తి ప్రారంభించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో పనులకూ వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలకు అది పుట్టింటి దారి. ఆ దారిలో నడిచే సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఒక బెర్తు మిగిలి ఉన్నదనుకుందాము. అదే క్షణంలో రాయపూర్ కౌంటరులో ఒకరు, విశాఖపట్నం కౌంటరులో మరొకరు దానినే అడిగితే ఎవరికి ఇవ్వాలి?

ఒకప్పుడు దీనికి సమాధానం స్టేషన్లవారీ కోటాలు, చేతివ్రాత చార్టులు. 1980 దశకం మధ్యలో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయింది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అనగా క్రిస్, ఏర్పడింది. అది రూపొందించిన కాన్సర్ట్ అనే సాఫ్టువేరు 1990 దశకం మధ్యకాలంలో మొట్టమొదట మన సికింద్రాబాదు కేంద్రంలో అమలులోకి రావడం తెలుగువారికి ముదావహం. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి అనుసంధానించబడ్డాయి. ఒక్కొక్క రైలు లెక్క ఒక్కొక్క కేంద్రంలో ఉంటుంది; కౌంటరు ఎక్కడిదైనా ప్రశ్న ఆ కేంద్రానికే వెళుతుంది. కేంద్రాల మధ్య లావాదేవీలను చేరవేయడానికి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ అనే మధ్యవర్తి సాఫ్టువేరును వినియోగించారు. లావాదేవీ పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు అనేదే దాని నియమం.

ఇక్కడ జవాబు రాకపోతే ఏమి చేయాలి? టికెట్టు ఇవ్వకూడదు. ఎందుకంటే ఒక బెర్తును ఇద్దరికి అమ్మితే, అర్ధరాత్రి టిట్లాగఢ్‌లో దిగవలసినవారు ఎవరన్న తగవు వస్తుంది. కౌంటరు ముందు కొద్దిసేపు నిరీక్షణ అంతకంటే మేలు.

రాయపూర్ రేషను దుకాణం

ఇక మన రాయపూర్‌లోనే జరిగిన మరొక ప్రయోగాన్ని చూద్దాము. పూర్వం రేషను కార్డు ఒకే దుకాణానికి కట్టుబడి ఉండేది. దుకాణం మూసి ఉన్నా, తూకం తక్కువైనా, మాట కటువుగా ఉన్నా కార్డుదారునికి వేరే దారి లేదు. 2012లో రాయపూర్ నగరంలో కోర్ పీడీఎస్ అనే పద్ధతి ప్రవేశపెట్టబడింది. స్మార్టు కార్డుతో, దుకాణంలో ఉంచిన చేతి యంత్రం ద్వారా, కార్డుదారులు తమకు నచ్చిన దుకాణంలో సరుకు తీసుకోవచ్చునన్నది దీని సారాంశం. 'మేరీ మర్జీ', అనగా 'నా ఇష్టం', అని దానికి ముద్దుపేరు.

సాంకేతికంగా ఇందులో జరిగిన మార్పు ఒక్కటే: దుకాణంలోని రిజిస్టరు కేంద్ర సర్వరులోకి వెళ్ళింది. రిజిస్టరు దుకాణంలో ఉన్నంతకాలం అడగవలసిన పని లేదు. కార్డు ఏ దుకాణానికైనా వెళ్ళగలిగినప్పుడు, ఈ నెల సరుకు ఇదివరకే తీసుకున్నారా అని ఒక చోట అడిగి తెలుసుకోక తప్పదు. ఆ అడిగే మాట జీపీఆర్‌ఎస్ అనే సెల్‌ఫోను సంకేతంపై ప్రయాణం చేయాలి. కార్డుదారునికి దుకాణాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ లభించినది ఈ ఉత్తర ప్రత్యుత్తరాల వల్లనే.

ఇటువంటి ఏర్పాటు తరువాత రాష్ట్రాల ఎల్లలు దాటింది. ఒకే దేశం – ఒకే రేషను కార్డు పథకం క్రింద 2019 ఆగస్టులో తొలిగా ఆంధ్రప్రదేశ్ – తెలంగాణల మధ్య, గుజరాత్ – మహారాష్ట్రల మధ్య కార్డుల చెల్లుబాటు మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ఆ పథకంలో చేరింది. పనికోసం వలస వచ్చిన కూలీకి ఇది ఎంతటి ఊరటో చెప్పనక్కరలేదు.

మరి సంకేతం అందక సర్వరు జవాబు ఇవ్వకపోతే? రైలు బెర్తు విషయంలో వలెనే 'లేదు' అని పంపివేయవచ్చునా? బెర్తు దొరకనివారు మరొక రైలులో వెళతారు. రోజు కూలీ మానుకుని వరుసలో నిలుచున్న తల్లికి ఆ పూట కూలీ పోయింది, బియ్యమూ రాలేదు. ఒకవేళ నమ్మి ఇస్తే, ఏ ఒకరిద్దరో రెండుచోట్ల తీసుకొనే అవకాశం ఉన్నది. ఈ రెండు నష్టాలనూ తూకం వేసి చూడాలి. సంకేతం లేక, లేదా వేలిముద్ర సరిపోలక నిర్ధారణ కానప్పుడు కూడా, అర్హులకు సరుకు నిరాకరించరాదనీ, కార్డులు చూసి నమోదు చేసుకుని ఇవ్వాలనీ కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ విభాగం 2017 అక్టోబరులో రాష్ట్రాలకు సూచనలు ఇచ్చింది. ఇది మా ఇంజనీర్ల దృష్టిలో కూడా సరైన నిర్ణయమే. చేతి యంత్రం ఆ లెక్కను తనలో రాసుకుని, సంకేతం వచ్చిన తరువాత వరుసగా సర్వరుకు పంపేటట్లు ఏర్పాటు చేయడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. పైన చెప్పిన సందేశాల వరుస అదే కదా.

ముగింపు

కనుక పాఠకులు గ్రహించవలసినది ఇది. జవాబు రానప్పుడు ఏమి చేయాలన్నది ప్రోటోకాలు దానంతట అది తేల్చే విషయం కాదు. బెర్తు విషయంలో ఆగమనాలి. రేషను విషయంలో ఇవ్వమనాలి. జీతం నుండి కోత విషయంలో, రూఢి అయ్యేవరకు కోయవద్దనాలి. పొరపాటు జరిగితే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుందో ముందుగా ఆలోచించి, దానిని మోయగలిగిన వారి వైపే ఉంచడం వ్యవస్థను రూపొందించేవారి ధర్మం. సంస్థ ఒక నెల ఆగగలదు. ఫిట్టరుగారి సోమవారం ఆగలేదు.

ఇక పొరుగింటి సోదరికి మేమిచ్చిన సలహా చెప్పి ముగిస్తాము. జవాబు రానప్పుడు వెంటనే మళ్ళీ నొక్కవద్దు. ముందుగా ఖాతా వివరాలలో డబ్బు తగ్గినదేమో చూసుకోవాలి. లావాదేవీ సంఖ్య కనబడితే కాగితంమీద రాసుకోవాలి. విచారణకు అదే ఆధారం. విఫలమైన లావాదేవీలలో డబ్బు తిరిగి జమకావడానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు నిర్ణయించింది. ఉదాహరణకు, ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో డబ్బు తగ్గితే, ఆ రోజు తరువాత 5 రోజుల లోపల బ్యాంకు తనంతట తానే తిరిగి జమచేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం చెల్లించాలి. ఈ పరిహారం మన హక్కు. దానికి దరఖాస్తు అక్కరలేదు.

ఆమె ఖాతా చూసుకున్నారు. డబ్బు వెళ్ళింది, రశీదు మరునాటి ఉదయం వచ్చింది. "ఆ రాత్రే మళ్ళీ నొక్కి ఉంటే?" అని నవ్వుతూ అడిగారు. అవతలి ప్రోగ్రాము రాసినవారు జాగ్రత్తపరులైతే ఏమీ అయ్యేది కాదని చెప్పాము. ఆ జాగ్రత్త నేర్చుకోవడానికి మాకొక ఫిట్టరుగారి జీతం చీటీ కావలసి వచ్చిందని మాత్రం ఆమెకు చెప్పలేదు. అందుకే ఇక్కడ రాశాము.